పళ్ళకు నేను ఏరుకున్న రంగు

మొన్న నేను చేసిన ఘనకార్యం మీకు చెప్పలేదు గదా! ఛాయ్ తాగుకుంట వినుండ్రి. నన్ను మాత్రం నవ్వించకుండ్రి, ఎందుకో చివరికి మీకే తెలుస్తది.

నాది నల్లగొండ. మా ఊరి బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ పుణ్యమా అని, చిన్నప్పటి నుంచి ముందరి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. నవ్వొస్తే చాలు, చెయ్యి దానంతట అదే మూతికి అడ్డమొస్తది. పోయినేడు ఆఫీసుల తీసిన టీం ఫోటోల అందరు నవ్వుతుంటే నేనొక్కన్ని తుమ్ముతున్నట్టున్న! ఈ ఏడు ఫోటోల నోరారా నవ్వాల్సిందే అనుకున్న. పళ్ళ మీద పల్చటి తొడుగులు, గవే వెనీర్లు, వేయించుకుందామని మాదాపూర్ల ఒక క్లినిక్‌కు పోయిన.

"నేను గూడ వస్త. రంగు నువ్వొక్కనివే చూడకు," అన్నది నా భార్య స్వప్న. నాకు రోషమొచ్చింది. యాప్‌ల ఏ బటన్ ఏ రంగుండాలె అని చెప్పుడే నా ఉద్యోగం. నాకు రంగుల గురించి చెప్తదా?

రెండు మీటింగుల నడుమ ఆఫీసు నుంచి ఉరికిన. డాక్టరమ్మ నా చేతికి అద్దమిచ్చి, నమూనా పళ్ళ పట్టీ ఒకటి నా మొఖం పక్కన పెట్టింది.

"మీ స్కిన్‌టోన్‌కి ఇది బావుంటుందండి. నాచురల్‌గా ఉంటుంది."

కండ్లద్దాలు సర్దుకోని మంచిగ చూసిన. "పచ్చగుంది మేడం. ఇంకా తెలుపు."

"పోనీ, ఇది?"

"ఇంకా జర."

"దీని తర్వాత ఇంక తెలుపు లేదండీ!"

"అయితే గదే ఇయ్యుండ్రి!"

ఆమె పాపం కిటికీ కాడికి తీస్కపోయి ఎండల గూడ చూపించింది. నేను ఇనలే. "సైజుల్లో కొంచెం తేడా ఉంచుదామా? సొంత పళ్ళలా కనిపిస్తాయి," అంటే, "వద్దు మేడం! అన్ని ఒక్కటే లైన్ల ఉండాలె, పిక్సెల్ తేడా రావొద్దు," అన్న. తొడుగులు తయారై వచ్చినంక, అతికించే ముందు మళ్ళ అద్దం ఇచ్చింది. "సూపర్" అన్న. అతికించింది.

మియాపూర్‌ల ఇంటి తలుపు తీయంగనే స్వప్నను చూసి నిండుగ నవ్విన.

"ఏంది గిది? నోట్ల ట్యూబ్‌లైట్ పెట్టుకొచ్చినవా?"

"నాచురల్ వైట్ అంటరు దీన్ని."

"మన వాష్‌బేసిన్ గూడ గింత తెల్లగ లేదు!" అని నా మొఖంలకు చూసి, "ఆ అద్దాలు తీయ్," అన్నది.

అప్పుడు యాదికొచ్చింది. అవి కంప్యూటర్ కోసం పెట్టుకునే అద్దాలు. పవర్ లేదు, లేత పసుపు గ్లాసులు, వాటిలకెల్లి చూస్తే తెల్లది గూడ పచ్చగనే కనిపిస్తది. పొద్దున లాగిన్ అయినప్పుడు పెడితే పండుకునేటప్పుడే తీస్త, మొఖం మీద ఉన్నయన్న సోయి గూడ ఉండదు. తీసి అద్దంల చూసుకున్న. అమ్మో! పళ్ళు ముందొస్తున్నయ్, నేను వెనకొస్తున్న!

ఇంకోటి గూడ యాదికొచ్చింది. మా యాప్‌ల తెలుపంతా నీలంగ కొడుతుందని క్లయింట్ ఎన్నిసార్లు మొత్తుకున్నా, "మీ మానిటర్ ప్రాబ్లం" అని కొట్టేసింది ఎవరు? నేనే!

డాక్టరమ్మకు ఫోన్ చేసి అద్దాల సంగతి, ఫోటో సంగతి చెప్పిన. "అయ్యో! మీరు స్టైల్‌కి పెట్టుకున్నారనుకున్నానండీ," అన్నది. "ఇవి అరగదీసి కొత్తవి చేయాలి. మీ టీం ఫోటోకి మాత్రం అందవు."

నిన్ననే ఆ ఫోటో. అయింది అయిందని మొండిగ నవ్విన. ఫోటోగ్రాఫర్ కెమెరా దించి, "రెండో లైన్ల అన్నా, జర మూతి ముయ్యి. ఫ్లాష్ కొడితే నీ పళ్ళు తప్ప ఎవ్వరు కనిపిస్తలేరు!" అన్నడు. అందరు ఒకటే నవ్వు. నాకు గూడ నవ్వాగలే. ఇగ ఏం చేస్త? చెయ్యి దానంతట అదే లేసింది, వాడు క్లిక్ కొట్టిండు.

ఈ ఏడు ఫోటోల గూడ నేను తుమ్ముతనే ఉన్న!