రేపల్లెలో ఆగిపోయిన కథ

మొన్నామధ్య మా తెనాలిలో పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమమేదో పెడుతూ, దాన్ని నడిపే అమ్మాయి నాకు ఫోన్ చేసి, మీకిష్టమైన పాత కథ ఒకటి చెప్పండి మేడం, సవతి తల్లి ఉన్నది మాత్రం వద్దండి, పిల్లల మనసు నొచ్చుకుంటుంది అంది. సరేనమ్మా అని పెట్టేశాను గానీ, నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. సవతి తల్లి కథను సవతి తల్లినై కూర్చుని విన్నదాన్ని నేను. ఆ సంగతి నా ఈడువాళ్ళయిన మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బడి పంతులమ్మగా పనిచేస్తూ, ఇక పెళ్ళి కాదులే అని అందరూ ఊరుకున్నాక చేసుకున్నదాన్ని. మావారికి అది రెండో పెళ్ళి. మొదటావిడ జబ్బు చేసి పోయింది, తొమ్మిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల నన్ను అమ్మా అనకపోతే పోయె, పిన్నీ అని కూడా అనేది కాదు. నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేది. వేసవి సెలవులకు రేపల్లెలో వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. బళ్ళు తెరిచే ముందు ఆవిడ కబురు పెట్టారు, పిల్లని ఇక్కడే బళ్ళో వేస్తాను, దానికి రావాలనుంటేనే తీసుకెళ్ళండి అని. మావారు మెత్తటి మనిషి. దాన్నే అడుగుదాం, ఏమంటే అదే అన్నారు. ఏమంటుందో నాకు తెలుసు కాబట్టి ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు.

అప్పట్లో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం నెలకొక ఊళ్ళో కలిసేవాళ్ళం. ఆ అమ్మమ్మగారూ మాలో ఒకరే. ఆ నెల వంతు వాళ్ళింటిది, చిన్నప్పుడు విన్న కథల్లో అన్నిటికన్నా నచ్చినది ఒక్కొక్కరూ చెప్పాలని అనుకున్నాం. మా పద్ధతులు మాకుండేవి: విన్న కథను విన్నట్టే చెప్పాలి, మార్చకూడదు, మొదలుపెట్టాక ఇంకెవరూ అడ్డురాకూడదు, అక్కడున్నవాళ్ళలో అందరికన్నా చిన్నవాళ్ళు ఊకొట్టాలి, ఊకొట్టడం ఆగితే కథ ఆగిపోవాలి. ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, కథలు విని సాయంత్రం పిల్లని అడుగుదామనుకుని, రోళ్ళు పగిలే ఎండలో మావారూ నేనూ వెళ్ళేసరికి, ఊకొట్టడానికి అరుగు మీద మా పిల్లనే కూర్చోబెట్టారు. నన్ను చూసి తల తిప్పుకుంది.

బాపట్ల నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మొదటిసారి వచ్చారు. పెద్దాయన, మంచివాడు, మా ఇంటి సంగతి పాపం ఏమీ తెలియదు. వాళ్ళ నానమ్మ చెప్పిన కథని మొదలుపెట్టారు: అనగనగా ఒక జాలరి, తల్లి లేని కూతురు, ఇంటికొచ్చిన సవతి తల్లి. తెలిసినవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారే గాని, కథకు అడ్డు వెళ్ళకూడదన్న పట్టింపుతో ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. సవతి తల్లి అన్నంలో ఇసుక కలిపింది అన్నారాయన. ఊ అంది పిల్ల. సముద్రం నుంచి ఉప్పులేని నీళ్ళు తెమ్మని తరిమింది, ఊ. తేకపోతే కడుపు మాడ్చింది, ఊ. ఆ ఒక్కొక్క ఊ నా మీద సాక్ష్యం చెప్పినట్టే ఉంది. మావారు నేల చూపులు చూస్తున్నారు. సాయంత్రం ఏ జవాబు వస్తుందో ఇక అడగనక్కర్లేదనుకున్నాను.

చివరికి రాజుగారు సంగతి తెలుసుకుని, ఆ సవతి తల్లిని చిల్లు పడవలో కూర్చోబెట్టి నడిసముద్రంలోకి తోసెయ్యమన్నాడు. మాస్టారు ఆగారు. ఊ రాలేదు. వినలేదేమోనని ఆయన మళ్ళీ చెప్పారు. పిల్ల గౌను అంచు నలుపుకుంటూ కూర్చుంది. నిద్రొస్తోందామ్మా అనడిగారు ముద్దుగా.

"లేదండి. ఆవిడ్ని పంపెయ్యొద్దండి తాతగారూ."

అన్నం కూడా పెట్టని మనిషి కదమ్మా, ఉంచుకుని ఏం చేస్తారు అన్నారాయన.

"మరి పొద్దున్నే నాకు జడెవరు వేస్తారండి?"

కథలో 'ఆ పిల్లకి' అనలేదు, 'నాకు' అంది. రోజూ బడికి వెళ్ళే ముందు జడ కోసం, మాటా పలుకూ లేకుండా నా వైపు వీపు పెట్టి కూర్చునేది, ఆ కాసేపే అది నా చేతికి అందేది. అందరి ముందూ ఏడవడం నాకు చచ్చేంత సిగ్గు, అయినా ఏడ్చాను. మాస్టారికి సంగతి అర్థమై, కథ ఇంతేనండి అని చేతులు జోడించారు.

ఎవరూ పిల్లని ఏమీ అడగలేదు. అమ్మమ్మగారు లేచి లోపలికి వెళ్ళి, దాని బట్టల సంచి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు. "తెనాలి బండి టైమవుతోందమ్మా, బయల్దేరండి" అన్నారు.

మా కూడికలు ఏనాడో ఆగిపోయాయి. మాస్టారూ లేరు, అమ్మమ్మగారూ లేరు. మా అమ్మాయి బాపట్లలో కాపురముంటోంది, నన్ను పిన్నీ అంటుంది, నాకదే పదివేలు. ఆ ఆదివారాన్ని నేను గెలిచిన రోజుగానే ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. ఈ ఏడు సెలవులకొచ్చి తిరిగి వెళ్తున్న మనవరాలి బట్టలు సర్దుతూ, ఒక చిన్న గౌను మడత పెట్టలేక అలాగే పట్టుకుని నిలబడిపోయినప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు సంచి తేవడానికి లోపలికి వెళ్ళిన ఆవిడ చాలాసేపటిదాకా బయటికి రాలేదని. నేనేమో అరుగు మీద కూర్చుని, బండి వెళ్ళిపోతుందేమోనని గడియారం చూసుకుంటున్నాను.