సగం కోసిన తుమ్మ

బుడాన్‌కి కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. పర్చూరు చుట్టుపక్కల సుబాబుల్ తోటల్లో అతనితో పనిచేసి దెబ్బ తినని కూలీ లేడు. చెట్లు కోసే పాత చైను మిషన్ మొరాయిస్తే దాన్నీ తన్నేవాడు. పగిలిన పిడికి తీగ చుట్టి, ఊడిన మూతకి సైకిల్ ట్యూబు కట్టి, బూతులు తిడుతూ దాన్ని నడిపించేవాడు. అయినా రైతులు అతన్నే పిలిచేవారు. తక్కువకి కోస్తాడు, ఒళ్లు తెగినా నోరెత్తడు. అలాంటి మనిషి కోపాన్ని ఎంతైనా భరిస్తారు.

వేణుగోపాల్ మిరపచేను గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉంది. నీడకి పైరు ఎదగడం లేదు, కొట్టెయ్యమన్నాడు. సాయంత్రం బుడాన్ చెట్టు గట్టు అవతలి కాలవలో పడేలా అటు గాటు పెట్టి, చేను వైపు నుంచి సగం దాకా కోశాడు. అక్కడ మిషన్ గుటకలు మింగి ఆగిపోయింది. ఎంత లాగినా పలకలేదు. చెట్టుకి తాడు బిగించి అవతలికి కట్టాల్సింది. కనీసం చేలోకి ఎవరూ దిగొద్దని చెప్పాల్సింది. బుడాన్ మిషన్‌ని గట్టు కిందకి తన్ని ఇంటికి పోయాడు.

పొద్దున్నే కాలవ వైపు నుంచి గాలి లేచింది. చేలో తామరపురుగుకి మందు కొడుతున్న హయాత్ మీద ఆ తుమ్మ కూలింది. హయాత్ అంటే బుడాన్ చెల్లెలు షిరీన్ మొగుడు.

బుడాన్ వచ్చేసరికి హయాత్ ఎడమకాలు మోకాలి కింద నుంచి దుంగ కింద ఉంది. తడిసిన నల్లరేగడి అతన్ని కొంచెం దిగమింగి కాపాడింది. నలుగురు గడ్డపారలేసి లేపితే దుంగ పొట్ట మీదికి దొర్లబోయింది. హయాత్ కేకకి అందరూ వదిలేశారు. పిలిచిన జేసీబీ చీమకుర్తి దారిలో ఎక్కడో ఇరుక్కుందట.

"బుడాన్, కేసవుతుందంటావా? చేను నాదని ఎవరితోనూ అనబాక," అన్నాడు వేణుగోపాల్, గట్టు దిగకుండానే.

బుడాన్ గట్టు కింద పడున్న మిషన్ తెచ్చాడు. మిషన్ తాడు లాగాడు. పెట్రోలు ఉంది, ఆయిలు కలిపే ఉంది. చోకు వేశాడు, తీశాడు. గాలి పీల్చే జాలీ విప్పి దుమ్ము ఊదాడు. మళ్లీ లాగాడు. చేతికి బొబ్బలు లేచాయి గానీ మిషన్ దగ్గు కూడా దగ్గలేదు. ప్లగ్గు విప్పి, ఇంజన్ ఒంటికి ఆనించి లాగాడు. నిప్పురవ్వ లేదు. ప్లగ్గుని లుంగీతో తుడిచాడు. మసి కింద పింగాణీ పగిలి ఉంది. అతను పోయిన సంతకి కొన్నది కొత్త ప్లగ్గు. చేలో ఇంకో ఇంజన్ ఉన్నది హయాత్ మందు పంపుకే.

"ఒరే, నా ప్లగ్గేదిరా?"

హయాత్ పళ్లు కొరుక్కుంటూ అన్నాడు: "పంపులో ఉంది. నిన్న మధ్యాన్నం నువ్వు అన్నం తింటుంటే మార్చా. మందు పంపు స్టార్టవక చచ్చా. అడిగితే నువ్విస్తావా?"

దుంగ కింద ఉన్నవాడి చెంప మీద బుడాన్ లాగి కొట్టాడు. రెండోసారి ఎత్తిన చేతి మీద, అప్పుడే పరిగెత్తుకొచ్చిన షిరీన్ చెప్పు పడింది. రెండో దెబ్బ మొహం మీద, మూడోది చెవి మీద.

"ప్లగ్గు నా మొగుడు మార్చాడు సరే, చెట్టు సగం కోసి పొమ్మన్నదెవరు నిన్ను? ఎవరు?"

బుడాన్ చెయ్యి దిగిపోయింది. మందు పంపు కొమ్మల లోపల పడి ఉంది. ముళ్లలోకి పొట్ట మీద పాకాడు. వీపంతా చీరుకుపోయింది. పంపు పగిలి కారిన మందు గాట్లలోకి దిగి నిప్పులా మండింది. తడుముకుంటూ ప్లగ్గు విప్పి బయటికొచ్చాడు. మిషన్ ఇంజన్లో నిండిన పెట్రోలు పోయేలా ప్లగ్గు లేకుండా తాడు లాగాడు, ఆరాక బిగించాడు.

ఈసారి మిషన్ అరిచింది.

దుంగ దొర్లకుండా రెండు వైపులా మొద్దులు పెట్టించాడు. హయాత్ మోకాలికి జానెడు దూరంలో చైను దింపాడు. పొట్టు అతని కళ్లలో, నోట్లో పడుతోంది. దాన్ని ఉమ్మేస్తూనే హయాత్ బుడాన్ వంశాన్నంతా తిట్టాడు. షిరీన్ తన వంశం కూడా అదేనని మర్చిపోయి, "ఇంకా తిట్టు, సొమ్మసిల్లబాక," అని మొగుడి తల పట్టుకుంది. బుడాన్ కోస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి దుంగ చైనుని కరిచిపట్టింది. అలాంటప్పుడు మిషన్‌ని తన్నే కాలు ఆ పూట కదల్లేదు. మెల్లగా కోతలోకి చెక్క చీల దిగ్గొట్టి, చైను విడిపించుకుని మళ్లీ దింపాడు.

కాలికి ఇటూ అటూ తెగిన ముక్కని నలుగురూ ఎత్తి విసిరేశారు. కాలు వంకరగా ఉంది, ఎముక విరిగింది. రక్తం మట్టిలో కలిసి గడ్డకట్టింది.

"వేళ్లు కదిలించు," అన్నాడు బుడాన్.

బొటనవేలు కదిలింది.

బుడాన్ మోకాళ్ల మీద కూలబడి, అతన్ని ఎత్తుకోడానికి రెండు చేతులూ చాపాడు. మొహం దగ్గరికి రాగానే హయాత్ ఉన్న బలమంతా కూడదీసుకుని మూతి మీద గుద్దాడు. బుడాన్ పెదవి చిట్లింది.

గట్టు మీదున్నవాళ్లు వెనక్కి జరిగారు. బుడాన్ నెత్తురు పక్కకి ఉమ్మి, అతని చెయ్యి తీసి తన మెడ చుట్టూ వేసుకున్నాడు.

"ఆటోలో కూడా కొడుదువుగానిలే. ముందు మెడ గట్టిగా పట్టుకో."