మామయ్య అడిగిన చీరాల బట్ట

రేపల్లె నుంచి కార్లలో విచ్చేసిన బంధువులందరికీ ఈ అల్పుడు ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు. పెద్దలంటే నాకు గౌరవం లేక కాదు. ఉన్నదంతా మామయ్యే పట్టుకుపోయారు. ఆయన పోయిన వారం బాపట్లలో కన్నుమూశారు.

తెనాలి చుట్టుపక్కల మా యూదు కుటుంబాలు కొన్నే. శనివారం పాఠం చెప్పేది మామయ్య. యెరూషలేములో గుడి కూలిపోయాక, నోటిమాటతో, వాదనతో ఒక జాతిని నిలబెట్టిన తొలి రబ్బీల, అంటే మా మత గురువుల గురించి పక్కవీధి వాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేవారు. శనివారం మాకు విశ్రాంతి దినం, పొయ్యి వెలిగించరు కాబట్టి టీ శుక్రవారమే కాచి ఫ్లాస్కులో పోసేవారు. మర్నాటికి అది కషాయం. వాదనలో గెలిచినవాడికి రెండో కప్పు శిక్ష.

ఓడిన రబ్బీ మాట కూడా వదలకుండా చెప్పేవారు.

"ఓడిపోయినాయనతో మనకేంటి మామయ్యా?"

"ఆయనా చదువుకునే చెప్పాడు కదరా. రేపు మీకు ఆయన మాటే కావాలేమో!"

ఆయనకు బాగా ఇష్టమైన రబ్బీ ఒకాయన ఉండేవారు. ఆ కాలంలో శవానికి ఖరీదైన బట్టలు కొనలేక, అయినవాళ్ళే శవాన్ని వదిలి పారిపోయేవారట. గొప్పింట పుట్టిన ఆ రబ్బీ, తనను మామూలు నారబట్టలో తీసుకెళ్ళమన్నారట. అప్పట్నుంచి ఉన్నవాడికీ లేనివాడికీ అదే బట్ట. "నాకూ అంతేరా" అని మామయ్య చీరాల నుంచి తెల్లబట్ట తెచ్చి బీరువాలో పెట్టుకున్నారు.

ఆయన తమ్ముడు, మా రేపల్లె మామయ్య, జరీ శాలువాతో దిగారు. నేను బట్ట తీసి చూపించాను.

"ఆయన ఇదే కప్పమన్నారండి."

"ఏంట్రా ఇది, దిండు గలీబా? తమ్ముడు పిసినారోడు అనుకోరూ?"

"అందరికీ ఒకటే అని రబ్బీలు..."

"మీ రబ్బీలు రేపల్లెలో తలెత్తుకు తిరగక్కర్లేదు. నేను తిరగాలి. జరుగు."

శనివారాల శిష్యులంతా అక్కడే ఉన్నారు. బతుకంతా వాదించడం నేర్పినాయన కోసం ఒక్కడూ నోరు మెదపలేదు. ఇంట్లో పనిచేసే చుండూరు అక్క మాత్రం జరీ వైపు చూసి, "మా ఆయన్ని పాత దుప్పట్లో పంపాను బాబూ" అంది, తప్పు చేసినదానిలా.

అయ్యా, ఇక నేను చేసింది. మీరంతా ముందుగదిలో ఫొటోకు నిలబడ్డప్పుడు శవపెట్టె మూత వేసింది నేనే. వేసే ముందు ఆయన మీద కప్పిన జరీ శాలువా లాగేశాను. అది మా ఇంట్లో ఉంది, రేపల్లె మామయ్య వచ్చి తీసుకోవచ్చు. చీరాల బట్ట బీరువా మడతలతోనే కప్పాను. ఎంత నిమిరినా గుండె దగ్గర ఒక మడత అణగలేదు, ఊపిరి తీస్తున్నట్టు కాస్త పైకి లేచే ఉంది.