సాక్ష్యంలో చెప్పని మాట

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పాల్సిన చోట ఒకసారి గొణిగి ఊరుకున్నాను. దాని వల్ల ఏం జరిగిందో చెబుతాను, వినండి.

మాది రాచర్ల పక్కన పల్లె. కూలి చేసుకుని బతికేవాళ్లం. రెండేళ్ల కిందట కంది కోత రోజుల్లో నీళ్లు పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెట్లా అవుతుందని నెల రోజులు ఊరుకున్నాను. తర్వాత మా ఆయన గిద్దలూరులో చూపిస్తే వాళ్లు గుంటూరు పొమ్మన్నారు. కంభం, మార్కాపురం, దొనకొండ, కురిచేడు... ఆ రైలు దారిలో స్టేషన్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

రొమ్ము తీసేశారు. తర్వాత కీమో సెలైన్లు. ఎర్ర మందు ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. నోరంతా పుళ్లు పడి, మజ్జిగన్నం కూడా కారంగా తగిలేది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండుకు అంటుకుని వచ్చేసింది. ఆఖరున కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఊళ్లో మాత్రం కడుపులో గడ్డ లేచింది, నాటుమందు తింటోంది, చుట్టాలింట్లో ఉంటోంది అని చెప్పాం. ఒంట్లో ఆ చోటు పేరు ఎత్తడానికి నాకూ నోరు రాలేదు, మా ఆయనకూ రాలేదు.

అన్నీ అయిపోయి ఇంటికొచ్చాక, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరయ్యగారు. మేలు పొందినవాళ్లు లేచి పదిమంది ముందు ఆ మేలు చెప్పుకోవడం మా మందిరంలో ఆనవాయితీ. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. ముందు వరుసలోనే మా మామ. కొంగు నెత్తి మీదకు లాక్కుని లేచాను.

"నాకు పెద్ద జబ్బు చేసింది. బతకననుకున్నా. ప్రభువు ముట్టినాడు. ఇప్పుడు నాకేం ల్యా. స్తోత్రం."

అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. కోసిన సంగతి చెప్పలేదు, గుంటూరు సంగతీ చెప్పలేదు. దేవుడి మేలు చెప్పేటప్పుడు మందుల ఊసెత్తితే ఆయన్ను తక్కువ చేసినట్టని మాలో ఒక తలంపు. నేను అబద్ధం చెప్పలేదు. సగం చెప్పి కూర్చున్నాను.

మా వీధిలో మూడో ఇల్లు మా వదినది. సొంత వదిన కాదు, వరసకు. పదిహేనేళ్లు పక్కపక్క సాళ్లలో మిరపకాయలు కోసినవాళ్లం. మర్నాడు చిన్న సీసా పట్టుకుని వచ్చింది.

"వదినా, పాస్టరయ్య ప్రార్థన చేసిచ్చిన నూనె నీకాడ ఉందంట గదా, రవ్వంత పొయ్యి."

"ఎవరికి?"

"మా అత్తకు. మోకాళ్లు పట్టేసినాయి. నన్ను తిట్టేదానికి మాత్రం ముసల్దానికి ఏ నొప్పీ ల్యా."

నవ్వుకుంటూ పోశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. మిరప కోతలో గోతం ఎత్తబోయి వదిన కూలబడింది. గట్టు చాటుకు తీసుకుపోయి, గాలి ఆడాలని వదిన జాకెట్టు విప్పాను. రొమ్ము మీద పుండు పగిలి, నూనె జిడ్డుతో బట్ట అంటుకుపోయి ఉంది.

"ఇదేంది వదినా! ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు సాక్ష్యం చెప్పకముందు నుంచే."

"ఆసుపత్రికి యాల పోలేదే?"

"నీకు ప్రార్థనతోనే పాయె గదా. నాకు పోకుంటే, నా విశ్వాసం చాల్లేదేమోనని ఇంకో పూట ఉపవాసం పెంచినా."

అత్త మోకాళ్లకని నా దగ్గర పోయించుకున్న నూనె అది. కొంగు తీసి నా కుట్ల గుర్తు చూపించాను. మా ఆయన తప్ప ఊళ్లో ఎవరూ చూడలేదు దాన్ని. వదిన వేలితో తడిమింది.

"కోసినారా?" అంది. నా కొంగు తనే సర్దింది.

మర్నాడే రైలెక్కించాను. ఎముకలకు పాకిందని చెప్పాడు డాక్టరు. "ముందే వచ్చుంటే..." అని ఆపేశాడు. తిరుగు రైల్లో నేనే ఏడుస్తున్నాను.

"ఏడవమాక. టికెట్లాయన చూస్తే జబ్బు నీకనుకుంటాడు," అంది వదిన. తర్వాత మెల్లగా, "ఒక పని చెయ్యి. మళ్లా సాక్ష్యం చెప్పు. కోసిందీ చెప్పు, నా సంగతీ చెప్పు. నేనుండంగనే చెప్పు. పోయినాక చెబితే అయ్యో పాపం అంటారు గానీ ఒక్కతీ ఆసుపత్రికి పోదు."

ఆ ఆదివారం వదినను వాకిలి దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. నేను లేచాను.

"నాకు వచ్చింది రొమ్ము క్యాన్సరు. గుంటూరులో రొమ్ము కోసేసినారు."

మా మామ దగ్గాడు. వెనక నుంచి ఒక పెద్దమ్మ, "మగోళ్లు కూర్చున్న కాడ ఆ మాటలేందమ్మా? సిగ్గు ల్యా?" అంది.

"ఈ మగోళ్లంతా ఏం తాగి పెరిగినారు పెద్దమ్మా?" అంది వదిన కుర్చీలోంచి.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కొత్తగా మొలిచిన మొండి జుట్టు కనబడేటట్టు కొంగు జార్చాను. "ప్రభువు నన్ను ఆసుపత్రి దారినే బతికించినాడు. అది దాచినందుకు మా వదిన..." అని వాకిలి దగ్గర కుర్చీ వైపు చెయ్యి చూపించాను. పాస్టరయ్య అందరినీ ప్రార్థనకు కళ్లు మూసుకోమన్నారు.

వదిన రెండు నెలలే ఉంది. నీ వల్లనే అని ఒక్కరోజూ అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత ఇద్దరు ఆడవాళ్లు చాటుగా నా దగ్గరకు వచ్చారు. గుంటూరు తీసుకుపోయాను. ఒకామెది ఉత్త కొవ్వు గడ్డ. ఇంకొకామెకు మందులు నడుస్తున్నాయి, డాక్టరు భయం లేదంటున్నాడు. మంచి పని చేశావని జనం అంటారు. నాకు మాత్రం మొదట రావాల్సిన మనిషే రాలేదనిపిస్తుంది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంటి ఆడబిడ్డల ఒళ్లు చల్లగా ఉండాలి. ఏదన్నా చేతికి తగిలితే ఆ పూటే చెప్పే నోరు వాళ్లకూ, కసురుకోకుండా వినే మనసు మీకూ దేవుడు ఇవ్వాలి. మీ ఇంట్లో ఒక్క తల కూడా తగ్గకూడదు.