కండ్లు తెరవని దొర

2018 వేసవి. నంద్యాలలోని ఒక పాత క్లబ్బుకు అప్పటికి పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. వరండా చివర బిలియర్డ్స్ గది ఉండేది. మధ్యాహ్నం పూట ఖాళీ గదిలో బంతులు తగిలిన చప్పుడు వినబడుతుందని, క్లబ్బు పెట్టిన ఇంగ్లీషు దొర దయ్యమై ఆడుకుంటున్నాడని చెప్పుకునేవారు. దొర ఏ సంవత్సరం పోయాడని ముగ్గురు పెద్దలను అడిగితే మూడు వేర్వేరు సంవత్సరాలు చెప్పారు. ఒకాయన లెక్కన దొర క్లబ్బు పుట్టకముందే పోయాడు. ఆ మాట చెప్పి దయ్యం లేదంటే సభ్యులు నవ్వారు. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆటగాళ్లు లేని గదిని విత్తనాల గోదాముకు ఇచ్చేద్దామని కమిటీ అనుకుంది. అప్పుడు దేవదానం పని పోతుంది. ఆయన మార్కర్, అంటే ఆటలో పాయింట్లు చెబుతూ బల్లనూ క్యూ కర్రలనూ చూసుకునే మనిషి.

ప్రెసిడెంటు రైతు. "దొర యాడ కూచోవాలో తెలీక తిరుగుతాండాడు. బొమ్మ చేయించి చోటు చూపిద్దాం. అప్పటికీ ఎవురూ రాకపోతే గోదామే" అన్నాడు.

ఆళ్లగడ్డ నుంచి శిల్పి వచ్చాడు. దొర ఫొటో లేదు.

"మొగం తెలీకుండా ఎట్ల చెక్కేదప్పా?"

"నేను చెప్తా," అన్నాడు దేవదానం. "బుర్ర మీసాలు. ఎవురన్నా తప్పు కొడితే ఎడమ కన్ను చిన్నది చేస్తాడు."

"నువ్వు చూసినావా?"

"ఇన్నేండ్లు ఆ రూములోనే ఉండా. చూడకుండా ఉంటానా?"

రాతి దొర వచ్చాడు. కళ్ల చోట ఉత్త నున్నటి రాయి.

"ఏందప్పా, గుడ్డి దొరను తెచ్చినావ్?" అన్నాడు ప్రెసిడెంటు.

"కూచోబెట్టినాకనే కండ్లు చెక్కి తెరిచేది," అన్నాడు శిల్పి. " మొదటి చూపు దేనిమింద పడల్లో చెప్పండి. దేవునికైతే అద్దం పెడతాం."

ఆవును తెద్దామని ఒకరు, పాస్టరును పిలుద్దామని ఒకరు వాదనకు దిగారు. దేవదానం బల్ల మీద బంతులు పేర్చాడు.

"దొర కండ్లు తెరిస్తే యాడ చూస్తాడప్పా? ఈడనే గదా."

దొరను బల్లకేసి తిప్పారు. శిల్పి ఉలి పట్టాడు. ఎడమ కన్ను రవ్వంత చిన్నదిగా వచ్చింది. ప్రెసిడెంటు ఆగలేక క్యూ అందుకుని కొట్టాడు. గురి తప్పింది.

"చూడన్నా, దొరకు కోపమొచ్చె!" అన్నాడు దేవదానం.

నవ్వులు విని వరండాలోనివాళ్లు లోపలికొచ్చారు. ఆ వారం నుంచి ఆటకు వంతులు పెట్టాల్సి వచ్చింది. గోదాము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"దయ్యం పోయినట్టేనా?" అని దేవదానాన్ని అడిగాను.

"యాడికి పోతాడమ్మా? ఆట చూస్తాండాడు."

నేను తీసివేతలు చేసి దయ్యం లేదని తేల్చాను, గది ఖాళీగానే ఉంది. దేవదానం దొర ఉన్నాడన్నాడు, గది నిండింది. అప్పటినుంచి ఎవరైనా భయమంటే లేదని వాదించను. ఆ భయాన్ని ఎక్కడ కూర్చోబెడదామని అడుగుతాను.