నాన్న డబ్బాలో నా మాత్రలు

పదకొండో ఏట మొదలైన ఇన్సులిన్ సూది, ఇరవైమూడో ఏటికి పళ్ళు తోముకోవడమంత మామూలైపోయింది. భయం మాత్రం మామూలు కాలేదు. నారాయణగూడలో డాక్టరు గారు నా చేతికి పట్టీ బిగించి, అయిదు నిమిషాలకు వదిలి, రక్తనాళం ఎంత తెరుచుకుంటుందో తెర మీద చూశారు. "ఈ వయసుకు ఇంత బిగుసుకోకూడదమ్మా," అన్నారు. బయట బల్ల మీద నా ఈడు అమ్మాయే, షుగరుతో చూపు మసకబారి, వాళ్ళన్న చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమెను చూశాక మళ్ళీ లోపలికెళ్ళి, ఏం చెయ్యాలో డాక్టరు గారిని అడిగాను.

పెద్దవాళ్ళు షుగరుకు వేసుకునే పాత మాత్ర నాలాంటివాళ్ళ రక్తనాళాలకు పనికొస్తుందేమోనని అక్కడ పరీక్షిస్తున్నారు. చేరాను. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికేదో ఆరునెలల దాకా డాక్టరుకూ తెలియదు.

చిక్కడపల్లిలో మా అమ్మకు ఇది మింగుడుపడలేదు. "ఉత్త గోలీలు మింగుకుంట కూసుంటదా నా బిడ్డ? గిదేం పరీక్ష?" అంది. నాన్న షుగరుకు వేసుకునేది ఆ మాత్రే. వారానికి సరిపడా అమ్మే స్టీలు డబ్బాలో పోసి పెట్టేది.

రెండు నెలలకు నాన్న షుగరు పెరిగింది. రోజూ అశోక్‌నగర్ దాకా నడిచే మనిషి! కాస్త పెరిగితే చాలు, "ఏడ తిన్నవ్ జిలేబీ?" అని ఇల్లు పీకి పందిరేసే అమ్మ ఆ రోజు నోరు మెదపలేదు. అదే నన్ను భయపెట్టింది. నిలదీశాను. నాన్న మాత్రలు నా సీసాలో, నా సీసాలోవి నాన్న డబ్బాలో పోసిందట. "మందు పారేస్తరా ఎవరన్న?" అని ఏడ్చింది. అంటే నాకిచ్చినవి ఉత్తవే. అమ్మ అనుమానం నిజమే గానీ, నాన్న రెండు నెలలుగా మందు లేకుండా ఉన్నాడు.

మర్నాడు నాన్నతో వెళ్ళి డాక్టరు గారికి అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. నా పేరు కొట్టేసి, చివరిసారి పట్టీ బిగించి చూశారు. "మునుపటికంటే కొంచెం తెరుచుకుంది. కానీ ఇది లెక్కలోకి రాదమ్మా," అన్నారు.

బయటికొచ్చాక నాన్న మెల్లగా అన్నాడు. "నాకు రెండో వారంలనే తెలిసింది బిడ్డా. నా గోలికి ఒక వాసనుంటది. దానికి లేకుండె."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే మీ అమ్మ నా గోలీలు నీకు పోసుడు బంద్ చేస్తుండె."

నారాయణగూడ చౌరస్తాలో, అంతమంది చూస్తుండగా, ఆయన మీద గొంతు చించుకుని అరిచాను. నీ కళ్ళు పోతే ఎట్ల, నీ కాళ్ళు పోతే ఎట్ల అని. అంతా విని, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తూ అన్నాడు.

"నీ నరం జర తెరుచుకున్నదన్నడు గద సారు."