దురద పెట్టని మచ్చ

నా చిన్నప్పుడు మా పెరటి మునగచెట్టుకు గొంగళిపురుగులు విపరీతంగా పట్టిన వానాకాలంలో, వద్దన్నా వినక ఆ చెట్టు కిందికి పోయాను. సాయంత్రానికి మెడ, చేతులు, వీపు ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఆస్పత్రికి తీసుకెళ్లమని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. బాధ ఉన్నమాట నిజమే, బస్సెక్కాలన్న ఆశా ఉంది.

మాది పొందూరు. ఇంట్లో ఆడవాళ్లందరం నూలు వడికేవాళ్లం. మా నాయనమ్మ దగ్గర పత్తి పోగైనా, మాటైనా దండగ పోయేది కాదు. నన్ను వెలుగులోకి లాగి ముందూ వెనకా చూసింది.

"జొరం ఉన్నాదేటి? ఊపిరి బాగా ఆడతన్నాదా? ఏదీ, పెదాలు సూపించు."

జ్వరం లేదు, ఆయాసం లేదు, పెదాలు ఉబ్బలేదు.

"అయితే సబ్బెట్టి కడుక్కో. తడిగుడ్డ ఏసుకో. గోకినావంటే సేతులు కట్టేస్తాను. రేపటికి ఎక్కువైతే అప్పుడు సూద్దుం" అంది. నేను ఇంకా రాగం తీస్తుంటే, "దురదెడతన్నాదంటే తోలు బాగానే ఉన్నాది. ఏడు, పర్లేదు" అని తన రాట్నం దగ్గరికి పోయింది.

మర్నాటికి ఎరుపు తగ్గింది కానీ దురద పోలేదు. నా చేతులు ఊరుకోవడం లేదని నాయనమ్మ ఒక ఆట పెట్టింది. వడికే ఏకులోంచి చిన్న పత్తి పోగు లాగి కొసను సన్నగా మెలిపెట్టింది. మేం కళ్లు మూసుకోవాలి. ఆ పోగు ఒంటిమీద ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించాలి. నేను చెవి, మోకాలు, కాలివేలు అన్నీ సరిగ్గా చూపించి గెలిచాను. తరవాత మా అక్క వంతు. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే బాగా పెద్దది, నూలు తీయడంలో అమ్మను దాటిపోయింది.

అప్పకు కుడి మణికట్టు పైన రూపాయి బిళ్లకంటే పెద్ద పాలిపోయిన మచ్చ ఉండేది. మామూలు శోభి మచ్చే అనుకున్నాం. దురదా మంటా లేవు కాబట్టి దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఏడ్చినదాంట్లో పావువంతు ఆ మచ్చ ఏడిపించి ఉంటే ఇంట్లో ఎవరో ఒకరు చూసేవాళ్లు.

అప్ప బుగ్గ చూపించింది, ఎడమ అరచెయ్యి చూపించింది. ఆ పైన కళ్లు మూసుకుని నవ్వుతూ కూర్చుంది.

"ఏటే నాయనమ్మా, నిద్దరోయినావేటి? ఆట కానీ!"

నేను చూస్తూనే ఉన్నాను. పత్తి పోగు ఆ మచ్చ మీదే అటూ ఇటూ తిరుగుతోంది.

"పెట్టీసిందే అప్పా! నీకు తెలీలేదేటి?" అని అరిచాను.

అప్ప కళ్లు తెరిచి తన చెయ్యి చూసుకుంది. అమ్మ రాట్నం ఆపింది.

అంతకు కొన్నాళ్ల ముందు అప్ప గంజి వారుస్తూ సరిగ్గా ఆ చోటే కాల్చుకుంది. బొబ్బ లేచేదాకా తెలియలేదంటే ఇల్లంతా నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు. ఆ ఆట నాకోసం పెట్టింది కాదని నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు.

నాన్న వచ్చాక తలుపు దగ్గరగా వేశారు. తిమ్మిరి మచ్చ అంటే ఏమిటో పెద్దవాళ్లకు తెలుసు, పేరు మాత్రం ఎవరూ పలకలేదు. "ఆస్పత్రికెల్తే ఊరందరికీ తెలిసిపోతాదే అమ్మా. మన నూలు ఇంకెవుడు ముడతాడు?" అన్నాడు నాన్న.

"రేపు తిమ్మిరి ఏలిదాకా దిగి, దారం తగిలినట్టు తెలీకపోతే నూలెవుడు తీస్తాడ్రా? దీని సెయ్యి వంకరపోతే నువ్వు ఇంకోటి తెచ్చిస్తావేటి?" అంది నాయనమ్మ.

మా సన్ననూలు కంటితో తీసేది కాదు, వేలికొసతో తీసేది. ఆ సంగతి నాన్నకు ఒకరు చెప్పక్కర్లేదు.

తెల్లారి నాయనమ్మ అప్పను వెంటబెట్టుకుని వీధి మధ్యనుంచే నడిచింది. ఎక్కడికని అడిగినవాళ్లకు "మచ్చ సూపించడానికి" అనే చెప్పింది. మిషనాసుపత్రి డాక్టరమ్మ కుష్టు అని పేరు పెట్టి చెప్పి, మొదట్లోనే తెచ్చారు, చెయ్యి దక్కుతుందని అందట. అప్ప చాలాకాలం మాత్రలు మింగింది. కొందరు కొన్నాళ్లు మా గుమ్మం ముందు ఆగడం మానేశారు, తరవాత మళ్లీ ఆగారు. అప్ప వేళ్లు తిన్నగానే ఉన్నాయి. ఇప్పటికీ నా సూదిలో దారం ఎక్కించేది తనే.

నేను ఆటోకి ఊరికే డబ్బులు పెట్టే మనిషిని కాను. పిల్లలకు దద్దు లేస్తే కడిగి ఒకటి రెండు రోజులు చూస్తాను. జ్వరం తోడైనా, ఊపిరి బరువైనా, మొహం ఉబ్బినా, కంట్లోకి పాకినా ఆ పూట కూడా ఆగను. దురద లేని మచ్చ కనిపిస్తే అసలే ఆగను. ఇప్పుడు దానికి మందు సర్కారాసుపత్రిలో ఊరికే ఇస్తారు.

మా కోడలు మచ్చ కనిపిస్తే ఫోనులో ఫొటో తీసి ఎవరికో పంపుతుంది. పంపనీ. ఫొటోలో రంగు కనిపిస్తుంది గాని, తాకితే తెలుస్తోందో లేదో కనిపించదు. అందుకే దీపం వత్తులు చేసేటప్పుడు ఒక పోగు పక్కన పెట్టుకుంటాను. మనవల్ని కళ్లు మూసుకోమంటాను. వాళ్లకది ఆటే. వేలు పెట్టి చూపించేదాకా నేను మాత్రం ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.